అరవయ్యో గడి

సాయంత్రం ఐదు గంటలకి మా అన్నయ్యని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి జైలుకి పంపుతారు. నేను ల్యాబు గేటు దగ్గరికి వచ్చేసరికి ఒకటీ నలభై అయింది. చేతిలో ఉన్నది మూడు గంటల ఇరవై నిమిషాలు.

చనిపోయింది మా వదిన. చంపాడని పట్టుకున్నది మా అన్నయ్యని. పొద్దుటి నుంచి ఈ రెండు ముక్కలూ లోపల చాలాసార్లు అనుకున్నాను. ఏడుపు రాలేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది గుచ్చితే బుగ్గ ఎలా అవుతుందో, మనిషినంతా అలాగే ఉన్నాను. గిల్లినా తెలిసేలా లేదు. ఇలా ఉండటం మంచిదే అనుకున్నాను, పని జరుగుతుంది.

వదిన పనిచేసేది ఈ ల్యాబులోనే, సముద్రం అడుగు మట్టిని పరీక్షించడం. గేటు దగ్గర విజిటర్ల పుస్తకం తీయించాను. మంగళవారం పేజీలో అన్నయ్య పేరెదురుగా లోపలికి ఒకటీ ఐదు, బయటికి ఒకటిన్నర అని ఉంది.

"వెళ్తుంటే చూశారా?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

"చూశానండి. ఒకటిన్నర."

"గడియారం చూశారా?"

"ఒకటిన్నరకే కదండీ నేను అన్నం తిని చెయ్యి కడుక్కునేది."

ఆ మాట నా చెప్పులకి చెప్పాడు, మొహానికి చెప్పలేదు. పుస్తకంలో మిగతా వాళ్లందరికీ రాక ఒక సిరాతో, పోక ఇంకో సిరాతో ఉన్నాయి. అన్నయ్యవి రెండూ ఒకే సిరా, ఒకే వాలు. తిని కునుకు తీసి, పోలీసులు వచ్చాక కూర్చుని నింపినట్టుంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని లోపలికి నడిచాను.

వరండా చివర పెన్సిల్ నిలబడి ఉన్నాడు. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు అతనే. నేను పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకోక ముందు నా కిందే పనిచేశాడు. ఎప్పుడు చూసినా చెవి మీద పెన్సిల్ ఉంటుంది కాబట్టి స్టేషన్లో అందరికీ వెనకాల అతను పెన్సిలే.

"మీరు రాకూడదు మేడం. నిందితుడి చెల్లెలు మీరు."

"డిటెక్టివుగా వచ్చాను."

"మరి చెల్లెల్ని ఎక్కడ వదిలేశారు?"

"ఇంట్లో. ఇంకా నిద్ర లేవలేదు."

నవ్వబోయి ఆపుకున్నాడు. "అరగంట. ఏదీ ముట్టుకోవద్దు. పక్కనే ఉంటాను."

రెండు గదులు. వరండాలోంచి వెళ్తే ముందు మైక్రోస్కోపు గది, దాని వెనక మట్టి కడిగే గది. మధ్యలో ఒక తలుపు. తలుపు మీద అట్టముక్క అంటించి ఉంది: గాలి వీస్తే గుల్లలు ఎగిరిపోతాయి, తలుపు మూసే ఉంచండి. అది వదిన రాత. అక్షరాలు గుండ్రంగా, కుదురుగా ఉన్నాయి. పాత అట్ట.

పెన్సిల్ తలుపుకి ఆనుకుని వరసగా అప్పజెప్పాడు. "నిన్న పన్నెండుంబావుకి అటెండరూ ఇంకో ఇద్దరూ మట్టి తేవడానికి పడవ మీద వెళ్లారు. సెక్షన్ హెడ్ పొద్దుట్నుంచి మెయిన్ బిల్డింగులో మీటింగు. ఇక్కడ మీ వదిన ఒక్కతే. ఒకటీ ఐదుకి మీ అన్నయ్య వచ్చాడు. ఒకటీ పదికి వరండా తుడిచే ఆయా కేకలు వింది. మీ వదిన 'చెప్పేస్తాను' అంది. ఈయన 'చెప్పావంటే ఊరుకోను' అన్నాడు. ఒకటిన్నరకి గేటు దాటాడు. నాలుగూ ఇరవైకి అటెండరు వచ్చేసరికి లోపల కుళాయి పారుతోంది, ఆవిడ నేల మీద ఉంది. తల వెనక సింకు అంచు తగిలింది. నెట్టాడు, పడింది, పోయాడు. ఇందులో కొరుకుడు పడనిది ఏమన్నా ఉందా మేడం?"

"ఏం చెప్పేస్తానంది?"

"అది మీ అన్నయ్యే చెప్పాలి. నిన్న రాత్రి నుంచి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. కనీసం నేను చంపలేదని కూడా అనడం లేదు."

అదే నాకూ కొరుకుడు పడనిది.

కడిగే గదిలోకి వెళ్లాను. రాతి సింకు, దాని అంచు మీద చాక్‌పీసు గుండ్రం. కింద ఇంకా ఆరని తడి. కాలు జారేంత నున్నని గచ్చు. సింకు పక్కన నీలిరంగు నీళ్లతో ఒక బేసిను, అందులో సగం మునిగిన జల్లెడ. దాని గుడ్డ ఎంత సన్నమంటే వంగి చూసినా కన్నాలున్నట్టే తెలియదు. వదిన చేతులకి మణికట్టు దాకా నీలం ఉందని పంచనామాలో రాశారు. గొలుసు, గాజులు, ఉంగరం అన్నీ ఉన్నాయి. పెనుగులాడిన గుర్తు లేదు.

తలుపు దగ్గరి నుంచి మైక్రోస్కోపు కుర్చీ దాకా అడుగులు వేసి కొలిచాను. పన్నెండు అడుగులు.

మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టి ఉంది. నల్లటి అట్ట, అరచేతిలో సగం ఉంటుంది. దాని మీద తెల్లగీతలతో అరవై గడులు, గడి గడిలో ఆవగింజలో పదో వంతు ఉండే గుల్లలు. అంచున అచ్చు అంకె పదిహేను. కింద ఎర్ర సిరాతో మొత్తం సరిపోయిందన్న టిక్కు.

"ఇది ఎప్పటిది?" అన్నాను.

"సోమవారానిది అయ్యుంటుంది," అన్నాడు పెన్సిల్. "కడిగిన శాంపిళ్ల రిజిస్టరులో నిన్నటి చివరి ఎంట్రీ పద్నాలుగు, పన్నెండూ పదికి. పదిహేను అసలు రాయలేదు. ముందురోజెప్పుడో చేసి రాయడం మర్చిపోయి ఉంటుంది."

"మా వదిన రాయడం మర్చిపోయే మనిషి కాదు."

"అది చెల్లెలి మాటా, డిటెక్టివు మాటా?"

అటెండరుని పిలిపించమన్నాను.

అటెండరుకి యాభై దాటాయి. లోపలికి వస్తూనే చాక్‌పీసు గుండ్రం వైపు చూడకుండా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"రిజిస్టరులో ఈ రాత ఎవరిది?" అన్నాను. పేజీలు వెనక్కి తిప్పి చూపించాను. తలుపు మీది గుండ్రటి అక్షరాలు ఎక్కడా లేవు.

"నాదేనండి. అమ్మ చెప్తుంది, నేను రాస్తాను."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్లవుతోంది. చేతులు తడిగా ఉంటాయి కదండీ."

"అంతకుముందు తడిగా ఉండేవి కావా?"

పెన్సిల్‌కి ఈ ప్రశ్న పట్టలేదు. ఫోను చూసుకుంటున్నాడు. అటెండరు నా వైపు ఒక్క చూపు చూసి తల దించుకున్నాడు. ఆ చూపు నాకు అర్థమైంది. ఇంకా కదపొద్దని బతిమాలుతున్నాడు.

"పద్నాలుగు రాసి మీరు పడవకెళ్లిపోయారు. తర్వాత ఆవిడ పదిహేను కడిగినా రాసేవాళ్లు లేరు. అంతేనా?"

"అంతేనండి. ఇరవై శాంపిళ్లూ శుక్రవారానికల్లా ఇచ్చేయాలి. రేవు తవ్వకం ఆపి కూర్చున్నారు మా లెక్క కోసం. అమ్మ ఊరికే కూర్చోదు."

"ఈ నీలిరంగు దేనికి?"

పని గురించి అడిగేసరికి మనిషికి ఊపిరి వచ్చింది. "ఒక శాంపిల్ కడిగాక జల్లెడ ఎంత దులిపినా నాలుగైదు గుల్లలు కన్నాల్లో ఇరుక్కుంటాయండి. అవి తర్వాతి శాంపిల్లో కలిసిపోతే లెక్క గల్లంతు. అందుకని మధ్యలో జల్లెడని ఈ నీళ్లలో ముంచుతాం. ఇరుక్కున్నవి నీలం తిరుగుతాయి. తర్వాత మైక్రోస్కోపు కింద నీలంగా కనపడ్డవి దీనివి కావు, దీనికి ముందు కడిగినదానివి అని తెలిసిపోతుంది. వాటిని పారేయకుండా ఏరి, చివరి గడిలో పెడతారు. అరవయ్యో గడిలో."

నేను వంగి స్లైడు వైపు చూశాను. మామూలు కంటికి కూడా తెలుస్తోంది. అరవయ్యో గడిలో నీలిరంగు చుక్కలున్నాయి.

"సెక్షన్ హెడ్‌ని పిలువు," అన్నాను పెన్సిల్‌తో. అలవాటు కొద్దీ ఇప్పటికీ అతన్ని నువ్వనే అంటాను.

"అరగంట అయిపోయింది మేడం."

"నీ కేసు కూడా అయిపోవచ్చు. పిలువు."

అటెండరు వెళ్లి పిలుచుకొచ్చి, తను వరండాలోనే ఉండిపోయాడు. సెక్షన్ హెడ్ బట్టతల మనిషి. చేతులు కట్టుకుని మాట్లాడతాడు. మొహం పీక్కుపోయి ఉంది. స్లైడు చూడమంటే కళ్లజోడు తీసి, కుర్చీలో కూర్చోకుండానే తను తెచ్చుకున్న చేతి భూతద్దంతో వంగి చూశాడు.

"ముందు నాకొకటి చెప్పండి," అన్నాడు పెన్సిల్. "అసలివి ఏంటి? గవ్వల్లాంటివా?"

"గవ్వలో పురుగుకి ఒళ్లూ, నోరూ, పొట్టా ఉంటాయి. వీటికి ఏమీ లేవు. ఒకే ఒక్క కణం. ఫొరామినిఫెరా అంటారు. సముద్రం అడుగున బురదలో బతుకుతాయి. ఒంటికణమే అయినా ఇల్లు మాత్రం గది తర్వాత గది కట్టుకుంటూ పోతుంది. కొన్ని ఇసుక రేణువులు అతికించి కడతాయి, కొన్ని పింగాణీలా తెల్లగా, కొన్ని అద్దంలా. గోడ దేంతో కట్టింది, గదులెన్ని, ఎటు చుట్టుకుంది, ద్వారం ఎక్కడుంది, ఇవి చూసి రకం తేలుస్తాం. ఏ లోతుకి ఆ రకాలే ఉంటాయి."

"ఈ నీలంవి?" అన్నాను.

భూతద్దం దగ్గరికి జరిపాడు. "ఏడున్నాయి. ఏడూ జడలే. రెండు పాయల జడలా గదులు అటొకటి ఇటొకటి అల్లుకుంటాయి కాబట్టి జడ అనేది ఆవిడ. ఇవి తొంభై మీటర్ల లోతు మెత్తటి బురదలోవి. పద్నాలుగో శాంపిల్ అక్కడిదే. పదిహేను ఒడ్డు పక్క ఇసక. అక్కడ జడలు బతకవు."

"అంటే పద్నాలుగు కడిగిన వెంటనే అదే జల్లెడలో పదిహేను కడిగారు."

"ఇంకోలా కుదరదు."

"పద్నాలుగు పన్నెండూ పదికి పూర్తయింది. పదిహేను కడగడానికీ, ఆరడానికీ ఎంత పడుతుంది?"

"ఇరవై నిమిషాలు కడగడం. దీపం కింద ఆరడం ముప్పావుగంట. ఒకటింబావు అనుకోండి."

"ఈ స్లైడు నింపడానికి?"

"మూడు వందల గుల్లలు ఉండాలి. రెండు వందల తొంభై తొమ్మిదైనా మేం లెక్కలోకి తీసుకోం. తడి కుంచెతో ఒక్కొక్కటే ఏరి పెట్టాలి. ఆవిడకైనా రెండున్నర గంటలు."

పెన్సిల్ చెవి మీది పెన్సిల్ చేతిలోకి వచ్చింది. పెదాలు కదుపుతూ లెక్క కట్టాడు. "మూడూ ముప్పావు," అన్నాడు మెల్లిగా. "మూడూ ముప్పావు దాకా ఆవిడ ఈ కుర్చీలో కూర్చుని పని చేసుకుంటోంది."

మిగతాది అతని నోటితో అతనే అనుకోవాలి.

"మీ అన్నయ్య ఒకటిన్నరకి గేటు దాటాడు."

"నీ పుస్తకమే చెప్తోంది."

"ఇంకెవరైనా కూర్చుని ఈ స్లైడు చేసి ఉండొచ్చు కదా?" అన్నాడు. కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచీ అంతే. ఓడిపోతున్నప్పుడు అతని బుర్ర పాదరసం.

సెక్షన్ హెడ్ నొచ్చుకున్నాడు. "ఈ చెయ్యి నాకు తెలియదా సార్? ప్రతి గుల్లా ద్వారం పైకి, అన్నీ ఒకే వైపు. గడి గీత ఒక్కటి తాకదు. రెండేళ్లుగా ఆవిడ చెయ్యి ఎంత తిరిగిందంటే, ఈ పనిలో ముప్పై ఏళ్ల నుంచి ఉన్నవాణ్ని, నేనే దాచుకుని చూసేవాణ్ని. వయసుతో పాటు అందరి చెయ్యీ వణుకుతుంది. ఆవిడది ఇంకా నిలబడింది."

"ఇదే రాసిస్తారా?"

"ఇప్పుడే రాసిస్తాను."

ఇద్దరూ కాగితం కోసం ఆఫీసు గదిలోకి వెళ్లారు. గెలిచినట్టే. గెలిచినప్పుడు ఒంట్లో ఎక్కడో ఏదో కదలాలి. కదల్లేదు. రెండేళ్లు అన్న మాట ఒకటే చెవిలో ఉండిపోయింది. రిజిస్టరు రాయడం మానేసి రెండేళ్లు. చెయ్యి తిరిగి రెండేళ్లు.

కుర్చీలో కూర్చున్నాను. నా కాళ్లు ముడుచుకున్నాయి. సీటు బాగా కిందికి దించి ఉంది. వదిన నా భుజం దాకా వస్తుంది, ఆవిడ కుర్చీ నాకంటే పైకి ఉండాలి. మైక్రోస్కోపులోకి చూశాను. రెండు కళ్లకీ రెండు వేరు వేరు వెలుగు గుండ్రాలు కనపడ్డాయి తప్ప ఒకటిగా కలవలేదు. కంటిగొట్టాల మధ్య దూరం చూపే చిన్న స్కేలు ఉంది. డెబ్బై మిల్లీమీటర్ల దగ్గర ఉంది. పక్కనే ప్లాస్టరు ముక్క మీద వదిన రాత: నాది 57.

డెబ్బై మిల్లీమీటర్ల ఎడంతో కళ్లుండే మనుషులు ఎక్కువ మంది ఉండరు. మా నాన్నకి ఉండేవి. ఆయన కళ్లజోడు ఫ్రేము ఎప్పుడూ ఆర్డరిచ్చి చేయించాల్సి వచ్చేది. అన్నయ్యకీ అంతే. అన్నయ్య ముప్పై అయిదేళ్లుగా చేసేది గడియారాల రిపేరు. వెంట్రుకవాసి స్క్రూలు పట్టకారుతో ఎత్తి గీత తాకకుండా కూర్చోబెట్టడం ఆయన పని. మంగళవారం షాపు సెలవు.

వదినకి కళ్లు పోయాయి. ఈ స్లైడు అన్నయ్య చేశాడు. ఒకటింబావు నుంచి మూడూ ముప్పావు దాకా ఈ కుర్చీలో ఉన్నది అన్నయ్య. మరి వదిన?

ఏదీ ముట్టుకోవద్దన్నాడు పెన్సిల్. నేను కంటిగొట్టాలు రెండూ పట్టుకుని దగ్గరికి నొక్కి, ముల్లు యాభై ఏడు మీదికి తెచ్చాను. సీటు పైకి లేపాను. పద్దెనిమిదేళ్ల పోలీసు ఉద్యోగంలో సాక్ష్యం మార్చిన వాళ్లని ఎంతమందిని లోపల వేయించానో లెక్క లేదు.

బయటికి వచ్చి పోస్టుమార్టం డాక్టరుకి ఫోను చేశాను. పాత పరిచయం.

"చనిపోయింది మూడున్నరకీ నాలుగుకీ మధ్య," అన్నాడు. "ఆ ఒక్క ముక్క ఇన్‌స్పెక్టరుకి ఇప్పుడే పంపించాను. పూర్తి రిపోర్టు రేపు పొద్దున."

"దెబ్బ తగిలింది ఎప్పుడు?"

"అది రేపటి దాంట్లో రాస్తాను. మెదడులో వాపు చూస్తే, తగిలాక రెండు గంటల పైనే బతికి ఉంది. స్పృహ ఉందో లేదో చెప్పలేను." గొంతు తగ్గించాడు. "మొదటి గంటలో తీసుకొచ్చి ఉంటే దక్కేదేమో అమ్మా. మీకు చెప్పకూడదు నిజానికి."

"పర్వాలేదు డాక్టరుగారూ," అన్నాను. ఫోను పెట్టేశాక టైము చూసుకున్నాను. మూడూ పది.

*

స్టేషన్లో అన్నయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. కళ్లజోడు తీసేసుకున్నారేమో, మొహం బోసిగా ఉంది. నేను పక్కన కూర్చున్నా తల తిప్పలేదు. నాలుగూ ఐదు. పెన్సిల్ లోపల కాగితాలు టైపు చేయిస్తున్నాడు.

"అన్నయ్యా, విను. నిన్ను వదిలేస్తున్నారు. కాగితం ఇస్తాడు. సంతకం పెట్టి నాతో వచ్చేయ్. ఒక్క మాట కూడా మాట్లాడొద్దు."

ఆయన గోడకేసే చూస్తున్నాడు.

"స్లైడు సంగతి నాకు తెలుసు. వదిన కళ్ల సంగతీ తెలుసు. ఇంకెవరికీ తెలియదు."

అప్పుడు ఇటు తిరిగాడు. "ఎప్పుడు పోయింది?" అన్నాడు. నిన్నటి నుంచి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

"పడగానే. డాక్టరుతో నేనే మాట్లాడాను. ఏమీ తెలిసి ఉండదు."

కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. చాలా పొడుగు ఊపిరి. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు, గోడకి చెప్తున్నట్టు.

"కంటి మధ్యలో మచ్చ వచ్చింది. పక్కలు కనపడతాయి, ఎదురుగా ఉన్నది కనపడదు. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు. ఆరబెట్టిన మట్టి చిన్న సీసాల్లో ఇంటికి తెచ్చేది. పాత మైక్రోస్కోపు ఒకటి కొన్నాం. నేను ఏరి పెట్టేవాణ్ని. అద్దంలా ఉంది, చుట్ట చుట్టుకుంది, తొమ్మిది గదులు, నడిమధ్య బొడిపె అని నేను చెప్తే, తను కళ్లు మూసుకుని పేరు చెప్పేది. ఒక్కటి తప్పు చెప్పలేదమ్మాయ్ రెండేళ్లలో. ఒకసారి నేను ఎనిమిది గదులన్నాను. సరిగ్గా చూడు, తొమ్మిదుంటాయి అంది. తొమ్మిదే ఉన్నాయి."

"నిన్న?"

"టైము లేదు, ఎవరూ ఉండరు, ఇక్కడికే వచ్చి చేసిపెట్టు అంది. తీరా వెళ్లాక, ఈ ఇరవై అయిపోతే సార్‌కి చెప్పేస్తాను, ఇంక దాచలేను అంది. నాకు ఒళ్లు మండింది." అరచేతులు చూసుకున్నాడు. "ఈ రోజుల్లో గడియారం బాగుచేయించుకునేది ఎవరు? పొద్దంతా షాపులో ఈగలు తోలుకుంటాను. సాయంత్రం ఇంటికెళ్తే నాకొక పని ఉండేది. ఇద్దరం కూర్చునేవాళ్లం. అది కూడా తీసేస్తానంటే ఊరుకోనన్నాను."

"తర్వాత?"

"జల్లెడ కడుక్కొస్తానని లోపలికెళ్లి తలుపేసుకుంది. కుళాయి తిప్పింది. కాసేపటికి ఏదో పడ్డ చప్పుడైంది. కోపంలో జల్లెడ విసిరికొట్టిందిలే అనుకున్నాను. నేను కూర్చుని పని మొదలుపెట్టాను. మధ్యలో అలవాటుగా, పాల రంగు, అయిదు గదులు అని పైకే అన్నాను. పలకలేదు. పలక్కపోతే మానెయ్ అనుకున్నాను. పావు తక్కువ నాలుగుకి లేచాను. కుళాయి ఇంకా పారుతోంది. ముందు తనే పలకరించాలని, తలుపు తట్టకుండా వెళ్లిపోయాను."

నేను ఆయన చెయ్యి పట్టుకోవాలని నాకు తెలుసు. పట్టుకున్నాను. నాలుగూ ఇరవైకి పెన్సిల్ వచ్చాడు.

కాగితాలు రెండు తెచ్చాడు, అన్నయ్య కళ్లజోడు కూడా తెచ్చాడు. మొహం మెత్తబడి ఉంది. ఓడిపోయాక ఏడుస్తూ కూర్చునే రకం కాదతను. నేను లేచి కాగితాలు అందుకోబోయాను.

"నేనే చదివి వినిపించాలి మేడం. రూలు." అన్నయ్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పెద్దాయనా, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాం. తప్పు మాదే. మీరు ఒకటిన్నరకి వెళ్లిపోయారు. మీ భార్య మూడూ ముప్పావు దాకా పని చేస్తూనే ఉన్నారు. ఆ తర్వాత కాలు జారి పడి ఉంటారు. మీ వల్ల ఏమీ జరగలేదు, మనసులో పెట్టుకోకండి. డాక్టరు కూడా రాశాడు, మూడున్నరకీ నాలుగుకీ మధ్య ప్రాణం పోయిందని."

అన్నయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఎప్పుడు?"

"మూడున్నర, నాలుగు మధ్య."

"అన్నయ్యా, సంతకం పెట్టు," అన్నాను.

కాగితం తీసుకుని ఆ గీత మీద వేలు పెట్టి తనే చదువుకున్నాడు. మళ్లీ చదివాడు. తర్వాత నా వైపు చూశాడు.

"పడగానే అన్నావు."

పొద్దుటి నుంచీ మొద్దుబారి ఉన్నది అప్పుడు విరిగింది.

అన్నయ్య కాగితం మడతపెట్టకుండా జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "ఆ స్లైడు నేను చేసింది సార్," అన్నాడు. "ఒకటిన్నరకి నేను ఎక్కడికీ వెళ్లలేదు. తలుపుకి ఇవతల కూర్చున్నాను. రెండు వందల తొంభై తొమ్మిది అయ్యాయి, మూడు వందలవది దొరకలేదు. దొరికేదాకా ఇరవై నిమిషాలు వెతికాను. తను లోపల బతికే ఉంది."

పెన్సిల్ అన్నయ్యని వదిలి నా వైపు తిరిగాడు. ఆ మైక్రోస్కోపు దగ్గర నన్ను ఒంటరిగా వదిలేసి వెళ్లిన సంగతి అతనికి గుర్తొచ్చిందని నాకు తెలిసింది.

"మేడం, ఇది మీకు ముందే తెలుసా?"

తెలుసన్నాను. అతను ఒక తెల్లకాగితం తీసి, మీ వాంగ్మూలం రాయండి అన్నట్టు నా ముందుకి జరిపాడు.